కన్యలో వచ్చిన మేష సంక్రాంతి

బాంగ్‌కాక్,
శార్వరి భాద్రపద బహుళ పంచమి, సోమవారం,
7 సెప్టెంబరు 2020.

బాబాయికి, పిన్నికి నమస్కారాలు.

ఏప్రిల్లో ఫోనులో నువ్వడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఇప్పటికి దొరికింది. ఇక్కడి ప్రభుత్వం సంక్రాంతిని వాయిదా వేసిందని చెబితే, “పండగని వాయిదా వెయ్యడమేమిట్రా? సూర్యుడు మేషంలోకి రానన్నాడా?” అని గద్దించావు. నేనేమీ అనలేకపోయాను. ఇవాళ ఆ వాయిదా పడ్డ పండగకి ఆఖరి సెలవు రోజు. ఖోన్ కెన్ దగ్గర ఒక పల్లెకి వెళ్లి నిన్న రాత్రే తిరిగొచ్చాను. అక్కడ ఒక ముసలావిడ నా ముంజేతికి కట్టిన తెల్ల నూలుదారాలు ఇంకా ఉన్నాయి. మూడు రోజులైనా ఉంచుకోవాలట. ఆ చేత్తోనే రాస్తున్నాను.

ముందు ఈ పండగ పేరు చెప్పనీ. వీళ్లు సోంగ్‌క్రాన్ అంటారు. రాతలో చివర ‘త’ ఉంటుంది గాని, దాని నెత్తిన ఒక చిన్న గుర్తు పెడతారు. ఆ గుర్తున్న అక్షరాన్ని పలకకూడదు. గుర్తు చెరిపేసి చదివితే అది మన సంక్రాంతే. మనకి మకర సంక్రాంతి పెద్దపండగ, వీళ్లకి మేష సంక్రాంతి. ఏప్రిల్ 13, 14, 15 మూడు రోజులూ సెలవు. మూడోరోజు పేరుకి అర్థం ‘శకం ఎక్కే రోజు’ అని. మన సంకల్పంలో చెప్పుకునే శకమే ఇక్కడ ‘సోక్’ అయింది. ఈ దేశంలో నేను రోజూ ఇలాంటి చుట్టాలనే కలుస్తుంటాను. బళ్లో పిల్లలు నన్ను ‘ఖ్రూ’ అని పిలుస్తారు. అది గురువు. కాలేజీల్లో చెప్పేవాళ్లు ‘ఆచాన్’లు, అంటే ఆచార్యులు.

నీకు అన్నిటికంటే నచ్చేది నెలల పేర్లు. ఇంగ్లీషు నెలలనే వాడతారు గాని వాటికి రాశుల పేర్లు పెట్టుకున్నారు. ఏప్రిల్ ‘మేసాయోన్’, అంటే మేషం వచ్చే నెల. జులై ‘కరకదాఖోమ్’, కర్కాటక ఆగమనం. సెప్టెంబరు ‘కన్యాయోన్’. ముప్పై రోజుల నెలలకి చివర ‘యోన్’, ముప్పై ఒకటి ఉన్నవాటికి ‘ఖోమ్’ అని ముగింపు. పేరు వినగానే నెలలో ఎన్ని రోజులో తెలిసిపోతుంది, మనలా పిడికిలి కణుపుల మీద లెక్కెట్టుకోనక్కర్లేదు. చులాలోంగ్‌కోర్న్ రాజు కాలంలో తేవవోంగ్ అనే రాకుమారుడు 1889 ప్రాంతంలో చేసిన ఏర్పాటిది. ఇప్పుడు వీళ్ల అవస్థ చూడు. మేషంలో జరగాల్సిన సంక్రాంతిని ఈ ఏడాది కొంత కర్కాటకంలో, మిగతాది కన్యలో ఇచ్చారు. నెలల పేర్లే ఆ సంగతిని ఎత్తి చూపిస్తున్నాయి.

మన పంచాంగంలో సంక్రాంతి పురుషుడు ఏ వాహనమెక్కి వచ్చాడో, ఏ బట్ట కట్టాడో, ఏం తిన్నాడో నువ్వు చదువుతుంటే చిన్నప్పుడు అరుగు మీద నోరెళ్లబెట్టుకుని వినేవాణ్ణి కదా. వీళ్లకి సంక్రాంతి పురుషుడు లేడు, సంక్రాంతి కన్యలున్నారు, ఏడుగురు. వాళ్ల కథ ఇది. కపిల బ్రహ్మ అనే దేవుడు ధర్మపాల కుమారుడనే తెలివైన కుర్రాడికి ఒక పొడుపుకథ వేశాడు. మనిషి తేజస్సు పొద్దున ఎక్కడుంటుంది, మధ్యాహ్నం ఎక్కడుంటుంది, రాత్రి ఎక్కడుంటుంది? గడువు ఏడు రోజులు. చెప్పలేకపోతే కుర్రాడి తల పోతుంది, చెబితే బ్రహ్మ తల తీసి ఇస్తాడు. ఆరు రోజులైనా జవాబు దొరక్క కుర్రాడు తాటిచెట్టు కింద పడుకుంటే, పైన గూట్లో గద్దల జంట మాట్లాడుకోవడం వినిపించింది. అతనికి పక్షుల భాష వచ్చు. పొద్దున ముఖంలో ఉంటుంది, అందుకే జనం ముఖం కడుక్కుంటారు. మధ్యాహ్నం రొమ్ములో ఉంటుంది, అందుకే గంధం పూసుకుంటారు. రాత్రి పాదాల్లో ఉంటుంది, అందుకే కాళ్లు కడుక్కుని పడుకుంటారు. పందెం ఓడిన బ్రహ్మ తల తియ్యాల్సి వచ్చింది. ఆ తల నేల మీద పడితే లోకం తగలబడుతుంది, ఆకాశంలోకి విసిరితే వానలుండవు, సముద్రంలో వేస్తే నీళ్లు ఇంకిపోతాయి. అందుకని ఆయన ఏడుగురు కూతుళ్లు దాన్ని పళ్లెంలో పట్టి, మేరువు చుట్టూ తిప్పి, కైలాసంలో ఒక గుహలో దాచారు. ఏటా సంక్రాంతి ఏ వారం నాడు వస్తే ఆ వారపు కూతురు వచ్చి తండ్రి తలని ఊరేగిస్తుంది. ఆదివారం కూతురికి గరుడుడు వాహనం, గురువారం ఆమెకి ఏనుగు, శనివారం ఆమెకి నెమలి. ఆ శనివారం అమ్మాయి పేరు మహోథోన్. విన్న వెంటనే నువ్వు చదివే ‘మహోదరి’ గుర్తొచ్చి పులకరించాను.

ఈ ఏడు ఏప్రిల్ 13 సోమవారం. అంటే రావాల్సింది ఖోరాఖ దేవి. పులి మీద వస్తుంది. కుడిచేత కత్తి, ఎడమచేత కర్ర. ఆహారం నూనె, ఆ దేవి వర్ణనలో దాన్ని ‘తేలం’ అనే అంటారు. చెవిలో పెట్టుకునే పువ్వేమిటో తెలుసా? మన శివాలయం వెనకాల రాలుతుండే ఆకాశమల్లె.

ఆ దేవి వచ్చేసరికి వీధుల్లో ఎవరూ లేరు.

మార్చి 17న మంత్రివర్గం కూర్చుని ఏప్రిల్ సెలవులు మూడింటినీ వాయిదా వేసింది. రద్దు చెయ్యలేదు. కరోనా రోగం తగ్గాక వేరే రోజుల్లో ఇస్తామంది. కారణం నీళ్లు చల్లుకోవడం ఒక్కటే కాదు. సంక్రాంతికి బాంగ్‌కాక్ సగం ఖాళీ అవుతుంది. ఫ్యాక్టరీల్లో, హోటళ్లలో, టాక్సీల్లో పనిచేసేవాళ్లంతా ఊళ్లకి వెళ్లి తల్లిదండ్రుల చేతుల మీద నీళ్లు పోసి దీవెన తీసుకుంటారు. 13వ తేదీని ఇక్కడ పెద్దల దినమని కూడా అంటారు. ఆ పెద్దలకే ఈ రోగం ప్రమాదం. కొడుకు వంగి చేతుల మీద నీళ్లు పోస్తూ దగ్గితే ఏమవుతుందన్నది ప్రభుత్వం భయం. ఆ భయం న్యాయమైందే. అయితే అయిదు రోజులకే, 22 నుంచి, నగరంలో మాల్స్, బజార్లు మూసేసేసరికి పని పోయినవాళ్లంతా మోచిత్ బస్‌స్టాండుకి మూటలతో ఎగబడ్డారు. పండక్కి ఆపుదామనుకున్న ప్రయాణం ఆకలికి మొదలైపోయింది. ఆ బొమ్మలు నేను టీవీలో చూసిన మరుసటి వారమే మన రోడ్ల మీద వలస కూలీలు నడిచి వెళ్తున్న బొమ్మలు చూశాను. రెండూ నా మనసులో ఒకే దారిగా కలిసిపోయాయి.

మన ఉగాది మాత్రం ఎవరూ వాయిదా వెయ్యలేదు. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైన పొద్దునే శార్వరి వచ్చి కూర్చుంది. వేపపువ్వు కోసం వీధిలోకి వెళ్తే పోలీసులు తిప్పి పంపారని పిన్ని చెప్పింది.

ఇక్కడ ఏప్రిల్ 3 నుంచి రాత్రి పది మొదలు తెల్లవారి నాలుగు దాకా కర్ఫ్యూ. 10వ తేదీ నుంచి 20 దాకా బాంగ్‌కాక్‌లో మద్యం అమ్మకం కూడా ఆపేశారు. 13న నా గది కిటికీలోంచి చూస్తే, ఏటా పిల్లలు నీళ్ల డ్రమ్ములు పెట్టుకుని దారినపోయే ప్రతివాణ్ణీ తడిపే సందులో ఒక కుక్క పడుకుని ఉంది. ఎండ మండిపోతోంది. ఈ పండక్కి నీళ్లెందుకో ఆ రోజు అర్థమైంది. కోతలైపోయి నేల నెర్రెలిచ్చిన కాలమది.

మా బళ్లో వంట చేసే ఆవిడని అందరూ ‘పీ’ అంటారు. అక్క అనే అర్థం. ఆవిడ నా కంటే నాలుగేళ్లు పెద్ద, నేనూ అలాగే పిలుస్తాను. ఊరు ఖోన్ కెన్ జిల్లాలో, ఇక్కడికి సుమారు 450 కిలోమీటర్లు. పద్దెనిమిదేళ్లుగా బాంగ్‌కాక్‌లో ఉంటూ ఒక్క సంక్రాంతికి కూడా ఇంటికి వెళ్లకుండా ఉండలేదట. ఈసారి ఏం చేసిందో చెబుతాను. 13 పొద్దున ఫోనుని గోడకి ఆనించి, అవతల తల్లి కనబడుతుండగా, వెండిగిన్నెలో మల్లెలూ అత్తరూ కలిపిన నీళ్లు తీసుకుని ఖాళీ పళ్లెంలోకి పోసింది. అవతల ఆ ముసలావిడ రెండు చేతులూ చాపి ఫోను కింద పట్టుకుంది. పోయడం అయ్యాక తన చేతుల వంక చూసుకుని, “పొడిగానే ఉన్నాయమ్మా. బాకీ ఉన్నావు” అందట. ఆ మాట పీ నవ్వుతూనే చెప్పింది గాని తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

జూన్ ఆఖరు దాకా బళ్లు తెరవలేదు, పిల్లలు లేనిదే వంట లేదు, ఆవిడకి సగం జీతమే. ఆ రోజుల్లోనే వీధి మొగల్లో అల్మరాలు వెలిశాయి. ‘తూ పాన్ సుఖ్’ అని వాటి పేరు, సుఖం పంచే అల్మరా అని. ఉన్నవాళ్లు బియ్యం, నూనె, నూడుల్స్ పెడతారు, లేనివాళ్లు తీసుకుంటారు, కాపలా ఎవరూ ఉండరు. పీ ఒక రోజు అందులోంచి గుడ్లు తీసుకుంది, జీతమొచ్చిన రోజు చేపల సాసు సీసా పెట్టింది. రెండూ నాకు చెప్పింది, రెండూ ఒకే గొంతుతో.

ఇక సెలవుల లెక్క. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం యజమాని ఏడాదికి కనీసం 13 సంప్రదాయ సెలవులు జీతంతో ఇవ్వాలి, మే డేతో కలిపి. సెలవు ఆదివారం పడితే మర్నాడు బదులు సెలవిస్తారు. దాన్ని ‘చొత్‌చోయ్’ సెలవు అంటారు. చొత్‌చోయ్ అంటే పోయినదానికి బదులు ఇవ్వడం, పరిహారం. చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాట. అందుకే సంక్రాంతి వాయిదా అనగానే ఇక్కడ ఎవరూ నీలా సూర్యుడి గురించి అడగలేదు. మూడు రోజుల చొత్‌చోయ్ ఎప్పుడిస్తారని అడిగారు. అడిగి, వదల్లేదు. ప్రభుత్వం మొదట జులై 27 సోమవారం ఒక రోజు ఇచ్చింది. మర్నాడు రాజుగారి పుట్టినరోజు కాబట్టి శని, ఆదివారాలతో కలిసి నాలుగు రోజులైంది. మిగిలిన రెండూ సెప్టెంబరు 4 శుక్రవారం, 7 సోమవారం. మళ్లీ నాలుగు రోజులు.

ఈ ముక్కలు చెయ్యడం నాకు నచ్చలేదు బాబాయ్. దీని వెనక ఆలోచన తెలుస్తూనే ఉంది. పోయినేడు ఈ దేశానికి దాదాపు 4 కోట్ల మంది విదేశీ యాత్రికులొచ్చారు, ఈ ఏడు విమానాలే లేవు. హోటళ్లు ఖాళీ. అందుకని సొంత జనాన్నే సముద్రతీరాలకి తిప్పాలని, హోటలు ఖర్చులో 40 శాతం ప్రభుత్వమే భరించే పథకం జులైలో మొదలుపెట్టారు. నాలుగేసి రోజుల సెలవులు ఆ లెక్కకి సరిపోతాయి. హోటల్లో పనిచేసేవాడికీ అన్నం కావాలి కాబట్టి తప్పు పట్టను. కానీ వందల కిలోమీటర్ల దూరంలో తల్లి ఉన్న వంటావిడకి జులైలో ఇచ్చిన ముక్క దేనికి పనికొస్తుంది? సగం జీతాల నెలలు అప్పుడే గడిచాయి, రెండు ప్రయాణాల డబ్బు ఆవిడ దగ్గర లేదు. జులైలో ఊరుకుంది, సెప్టెంబరు కోసం దాచుకుంది. పక్కనున్న కంబోడియా కూడా ఏప్రిల్ కొత్త సంవత్సరాన్ని ఆపింది గాని, ఆగస్టు 17 నుంచి 21 దాకా అయిదు రోజులు ఒక్క గుత్తిగా తిరిగిచ్చింది. బాకీ అలా తీర్చాలి.

3వ తేదీ రాత్రి మోచిత్‌లో బస్సెక్కాం. పీ తన ఊరు చూపిస్తానని నన్నూ రమ్మంది. మన దేశానికి వెళ్లే దారి ఎలాగూ లేదు గనక బయల్దేరాను. గేటు దగ్గర నుదుటికి యంత్రం పెట్టి జ్వరం చూశారు, ఫోనులో పేరు నమోదు చేసుకున్నారు, అందరికీ మాస్కులు. బస్సులో ఒకటే మాట నడుస్తోంది. అంతకు ముందురోజుతో ఈ దేశంలో లోపల్లోపల రోగం అంటుకోకుండా సరిగ్గా వంద రోజులు నిండాయి. నూటొకటో రోజున, అంటే మేం బస్సెక్కిన రోజున, ఒక ఖైదీకి ఉందని తేలింది. ఒక్కడంటే ఒక్కడు. మన రాష్ట్రంలో రోజుకి పదివేల కేసులని నువ్వు చెబుతుంటే వినే నాకు, ఆ ఒక్కడి గురించి బస్సంతా గుసగుసలాడటం వింతగానూ ఉంది, ఈర్ష్యగానూ ఉంది. పీ మాత్రం భయపడింది. రోగానికి కాదు, మళ్లీ సెలవులు రద్దు చేస్తారేమోనని. ఫోను చూసుకుంటూనే తెల్లవార్లూ కూర్చుంది. ఎవరూ రద్దు చెయ్యలేదు.

ఏప్రిల్లో ఆ ఊరు ఎలా ఉంటుందో నాకు తెలీదు. సెప్టెంబరులో మన కోనసీమే. కనుచూపు మేరా వరి, గట్ల మీద తాటిచెట్లు, కాలవలో నీళ్లు. రాత్రంతా వాన పడి పొద్దుటికి తెరిపిచ్చింది. ఇంటి ముందు చాప వేసి, ముసలావిడని గోడకి ఆనించి కూర్చోబెట్టారు. ఊళ్లో అందరూ ‘యాయ్’ అంటారు, అమ్మమ్మ అని. ఎనభై దాటాయి. పీ వెండిగిన్నె పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. తల్లి రెండు చేతులూ ముకుళించి చాపింది. నీళ్లు పోసింది. సన్నగా, ఆగి ఆగి. ఆ తడిచేత్తోనే తల్లి కూతురి నెత్తి నిమిరింది. నేను అయిపోయిందనుకున్నాను. యాయ్ మళ్లీ చేతులు చాపి ఏదో అంది, అందరూ నవ్వారు. పీ నాకు చెప్పింది: “ఇందాకటిది అసలు. ఇది వడ్డీ అంటోంది.” పీ మళ్లీ పోసింది.

తర్వాత తెల్ల నూలుదారాలు తెచ్చారు. మనిషికి ముప్పైరెండు ‘ఖ్వాన్’లు ఉంటాయని వీళ్ల నమ్మకం. ప్రాణంలో భాగాల్లాంటివి అవి. భయపడినా, దూరం వెళ్లినా, జబ్బు చేసినా వాటిలో కొన్ని తప్పిపోతాయట. పేరుపెట్టి పిలిచి, దారంతో ముంజేతికి కట్టేస్తే తిరిగొచ్చి నిలబడతాయి. నా వంతు వచ్చినప్పుడు యాయ్ నన్ను ఏ దేశమని అడిగింది. చెప్పాను. ఇంటికి వెళ్లి ఎన్నాళ్లయిందంది. పదహారు నెలలన్నాను. అయితే చాలా తప్పిపోయి ఉంటాయంటూ ఇంకో రెండు దారాలు ఎక్కువ కట్టింది. నీళ్లు చల్లుకోవడం లేదు, పాటలు లేవు, గుళ్లో ఇసుక చైత్యాలు కట్టడం లేదు. వెదురుబుట్టలో జిగురన్నం, పచ్చిబొప్పాయి దంచిన కారం, కాల్చిన కోడి. సాయంత్రానికి మళ్లీ వాన.

వస్తుంటే బస్సులో పీని నీ ప్రశ్నే అడిగాను. ఇది సంక్రాంతేనా అని. ఆవిడకి ఆ ప్రశ్న వింతగా తోచింది. “సంక్రాంతి ఏప్రిల్లోనే వచ్చి వెళ్లిపోయింది కదా ఖ్రూ. ఇప్పుడు మేం వెళ్లాం” అంది.

ఈ దేశం ఇంతకంటే పెద్ద వాయిదాలే చూసింది. పూర్వం వీళ్ల కొత్త సంవత్సరం సంక్రాంతికే. 1889లో దాన్ని ఏప్రిల్ 1కి మార్చారు. తర్వాత 1941 నుంచి జనవరి 1 చేశారు. ఆ మార్పు కోసం బుద్ధ శకం 2483వ సంవత్సరాన్ని ఏప్రిల్లో మొదలెట్టి డిసెంబరులో ముగించేశారు. తొమ్మిది నెలల సంవత్సరం! 2483 జనవరిలో పుట్టినవాళ్లు ఈ దేశంలో ఒక్కరూ ఉండరు, ఉండటానికి ఆ నెలే లేదు. అయినా జనం ఏప్రిల్లో ఇంటికి వెళ్లడం మానలేదు. నువ్వు మాత్రం దీనికి నవ్వకూడదు. ఇంకో పదకొండు రోజుల్లో నీ పంచాంగంలో అధిక ఆశ్వయుజం మొదలై దసరా నెల వెనక్కి పోతోంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి నా జవాబు. సూర్యుణ్ణి ఎవరూ ఆపలేదు బాబాయ్. ఆగింది కొడుకులూ కూతుళ్లూ. తిథి దాటిపోయినవాడు ఏం చెయ్యాలో నీ శాస్త్రమే చెప్పింది కదా. మైల వచ్చి, ప్రయాణం కుదరక, తద్దినం తప్పిపోతే అమావాస్య నాడు పెట్టుకోవచ్చని నువ్వే ఎంతమందికో చెప్పావు, నేను పక్కన కూర్చుని విన్నాను. పీ తల్లి చేతుల మీద నీళ్లు పోస్తున్న రోజులు మనకి మహాలయ పక్షాలు. ఆ మాట అక్కడ చాప మీద కూర్చున్నప్పుడు తట్టింది. తట్టాక నాకింకేమీ కనబడలేదు.

నాన్న ఆబ్దికం చైత్ర బహుళంలో వచ్చిందని నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఇక్కడ కర్ఫ్యూ. నాకు మంత్రం చెప్పేవాళ్లు లేరు, దర్భలు లేవు. గ్లాసులో నీళ్లు, గుప్పెడు నువ్వులు పట్టుకుని వాష్‌బేసిన్ దగ్గర నిలబడ్డాను, గోత్రం చెప్పుకున్నాను, ప్రవర సగంలో మర్చిపోయాను. ఈ సంగతి నీకు అప్పుడు చెప్పలేదు.

17న మహాలయ అమావాస్య. నువ్వు గౌతమి ఒడ్డుకి వెళ్తే, వెళ్లే పరిస్థితి లేకపోతే నూతి దగ్గరైనా, తర్పణాలు వదిలేటప్పుడు నీ కారుణ్య పితరుల్లో నాన్న ఎలాగూ ఉంటాడు. ఆయన పేరు దగ్గర నన్ను కూడా తలుచుకో. అదే సమయానికి నేనిక్కడ చేస్తాను. ముందురోజు రాత్రి ఫోన్ చేస్తాను, ప్రవర మొత్తం ఒకసారి నెమ్మదిగా చెప్పు, రాసుకుంటాను. మీకు పొద్దున ఎనిమిదయితే మాకు తొమ్మిదిన్నర, బడి వేళ. అందుకని ఆ పూటకి సెలవు అడిగాను. చీటీలో కారణం అన్నచోట ‘చొత్‌చోయ్’ అని ఒక్క మాట రాశాను. ఇవాళ బడి లేదు కాబట్టి ఇంటికే తీసుకెళ్లి ఇచ్చాను. పెద్ద పంతులమ్మ గారు చదివి, నా చేతి దారాల వంక చూసి, ఏమీ అడక్కుండా సంతకం పెట్టారు.

ఉంటాను,
నీ అన్న కొడుకు